ఏనుగు జాగా

ఆ ఆదివారం నేను కూర్మన్నపాలెం వెళ్ళేసరికి నాగశ్రీ నేల మీద బొంత పరిచి కుడుతోంది. నాగశ్రీ మా అల్లుడు నాగవంశీకి రెండో భార్య. మొదటి భార్య నా కూతురు ఆశాజ్యోతి. జ్యోతి పోయాక నా మనవరాలు వల్లిని ఈ అమ్మాయే పెంచుతోంది. బాగానే పెంచుతోంది. ఆ మాట అనడానికి నాకు కొంచెం సమయం పడుతుంది.

“రండమ్మా. ఏటి, ఇంతెండలో వొచ్చేరు? ఫోన్ సేత్తే ఆయన బండేసుకొని వొచ్చీవోరు కదా,” అంది.

నన్ను అమ్మా అని పిలుస్తుంది. పిలవమని నేను చెప్పలేదు.

తన తల్లి పాత చీరలను పొరలుగా వేసి, పైన రంగు గుడ్డలతో జంతువులు కుట్టింది. ఆవు, పిల్లి, కోతి, పీత. ఆవు కాళ్ళు కుక్క కాళ్ళలా ఉన్నాయి. బడిలో పిల్లల బొమ్మలు దిద్దే అలవాటు నన్ను ఊరుకోనివ్వదు.

“పీతకు ఇంకా కాళ్ళుంటాయమ్మా,” అన్నాను.

“మిగతాయి పులుసులో ఉన్నాయని సెప్పేనండి వల్లికి. నవ్వీసింది.”

వల్లి నా దగ్గరికి వచ్చింది గానీ ఒడిలో కూర్చోలేదు. నాగశ్రీ వీపు మీద వాలి, “అమ్మా, ఇది తోకా?” అని అడిగింది. ఆ వీపుకు ఆ బుగ్గ ఎంత హాయిగా ఆనిందో చూసి నేను కిటికీ వైపు తిరిగాను.

బొంతకు ఒక చివర పెద్ద చోటు ఖాళీగా ఉంది.

“అది ఏనుగు జాగా,” అంది నాగశ్రీ. “అలాగే వొగ్గీసేను. అక్క సీర ముక్కొకటి మీరిత్తే దాంతో కుడదావని. పిల్ల పక్కలో దానమ్మ సీర ఉండాల కదండీ.”

“పోయినవాళ్ళ బట్ట పసిపిల్లకు వాడకూడదంటారు,” అన్నాను.

అలాంటివి నేను నమ్మను. పిల్లలకూ నమ్మవద్దనే చెబుతాను. నాగశ్రీ సూది ఆపి, “అయితే ఒద్దులెండమ్మా,” అంది.

నా కూతురి చీర ఆమె కుడుతుందట. రేపు వల్లి దాన్ని ‘మా అమ్మ కుట్టిన బొంత’ అంటుంది.

గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చి బీరువా తీశాను. జ్యోతి నీలం నేత చీర కవరులో ఉంది. ఆఖరిసారి తను విప్పి మడిచింది మడిచినట్టే ఉంచాను, ఉతకలేదు. కవరు తెరిస్తే ఆమె పౌడరూ తలనూనే కలిసిన వాసన వచ్చేది. అందుకే తరచూ తెరిచేదాన్ని కాదు.

ఏనుగుతో వేరే బొంత నేనే కుడతాననుకున్నాను. అడుగుకు గుడ్డ కొనడానికి వన్ టౌన్‌లో కరీమున్నీసా కొట్టుకు వెళ్ళాను. “ఎవరికండీ టీచర్ గారూ?” అని ఆమె అడిగితే, “మా మనవరాలికి. నేనే కుడుతున్నాను,” అని అక్కర్లేనంత గట్టిగా చెప్పాను.

మర్నాడు జ్యోతి చీరను బకెట్లో నానబెట్టాను. బడికి కట్టే చీర ఏదైనా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చెయ్యడం నా అలవాటు. గంజి పెట్టిన గుడ్డ కత్తెర కింద తిన్నగా నిలుస్తుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆరిన చీరను తీగ మీంచి దించి ముఖానికి ఆనించుకున్నప్పుడు గానీ తెలియలేదు. గంజి వాసన. ఇంకేమీ లేదు.

అలవాటుగానే ఇస్త్రీ చేశాను. తరువాత కత్తిరించాను.

వల్లి పుట్టినరోజుకు నా బొంత తీసుకెళ్ళాను. నా ఏనుగుకు దంతాలు, గోళ్ళు, తోక చివర కుచ్చు, అన్నీ ఉన్నాయి.

“అబ్బ, పుస్తకంలో బొమ్మలాగుందండి!” అంది నాగశ్రీ.

నేను ఆమె బొంత కోసం చూశాను. మంచం మీద ఉంది. ఖాళీ చోటు ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం వల్లిని నా బొంత మీద పడుకోబెట్టి, “ఇది మీ జ్యోతమ్మ చీర,” అన్నాను. వల్లి ఏనుగుకు చెంప ఆనించి వెంటనే తీసేసింది.

“గుచ్చుకుంతంది అమ్మమ్మా.”

లేచి వెళ్ళి ఆ మెత్తని పాత చీరల మీద దొర్లింది.

“కొత్తది కదా. రెండు తడుపులు తడిపితే మెత్తబడిపోద్దిలెండి,” అంది నాగశ్రీ. ఆమె గొంతులో గెలుపు కోసం వెతికాను. దొరికితే బాగుండేది.

వల్లి ఖాళీ చోట అరచెయ్యి పెట్టి, “ఏనుగెప్పుడొత్తది?” అని అడిగింది. అడిగింది ఆమెను.

“కత్తెర ఇవ్వు,” అన్నాను నేను.

“అయ్యో, ఎందుకమ్మా? అంత కట్టపడి కుట్టేరు!”

కుట్లు ఒక్కొక్కటీ తెంపి ఏనుగును ఊడదీశాను. నాగశ్రీ పిండుతానని చెయ్యి చాపింది. ఇవ్వలేదు. గంజి పోయేదాకా కుళాయి కింద నేనే పిండాను. బాల్కనీ ఎండకు తొందరగానే ఆరింది. వల్లి నిద్రపోకుండా తీగ కిందే కూర్చుంది.

నాగశ్రీ బొంతకు చెరో పక్కా కూర్చుని ఖాళీ చోట ఏనుగును కుట్టాం. నా కుట్లు సన్నం, ఆమెవి పొడవు. మధ్యలో ఎక్కడ కలిశాయో ఎవరికైనా తెలుస్తుంది.

“పిల్లను ఏనుగు వైపే తల పెట్టి పడుకోబెట్టాలి,” అన్నాను. పాఠం చెప్పే గొంతుతో అన్నానేమో.

“అది తలవేపేనండి,” అంది నాగశ్రీ, దారం కొరుకుతూ. “అక్కకని తలవేపే వొగ్గేను.”

నేను ఏనుగు మీద ముడతలు అరచేత్తో సరిచేశాను.

వల్లి ఏనుగు మీద చెంప పెట్టింది. ఈసారి గుచ్చుకుందనలేదు. కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం పక్కకు చాపి నాగశ్రీ కొంగు పట్టుకుంది. నిద్రపోయాక వదులుతుందేమోనని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.