మ్యూట్ నొక్కని శ్రీలత

మాట కంటే ముందు ఊపిరి వస్తుంది.

హెడ్‌సెట్‌లో, సముద్రానికి అవతల ఎవరో అరవబోయే ముందు — చిన్న గాలి. ఎండుటాకు నేల మీద జరిగినంత. ఎవరికీ వినబడదు. శ్రీలతకు వినబడుతుంది.

వినబడి, కడుపులోకి దిగుతుంది.

మాదాపూర్‌లో అద్దాల బిల్డింగ్, అందులో కాల్ సెంటర్. పొద్దున్నే మొదలయ్యే షిఫ్ట్. ఆస్ట్రేలియా కస్టమర్లు. ఇంటర్నెట్ పోయిందని ఒకరు, ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకున్న నాథుడు లేడని ఒకరు.

ఆ ఫ్లోర్‌లో ఒక అలవాటుంది. కస్టమర్ అరుస్తుంటే, తమ గొంతు అటు వినబడకుండా మ్యూట్ నొక్కుతారు. నొక్కి పక్కవాళ్లతో నవ్వుకుంటారు, చిప్స్ తింటారు. అరుపు అయిపోయాక మ్యూట్ తీసి "సారీ సర్" అంటారు. పని నేర్పిన రోజే ఇదీ నేర్పుతారు.

శ్రీలత నొక్కలేదు. నొక్కలేకపోయింది.

ఒక మనిషి గొంతు వణుకుతుంటే చిప్స్ ఎలా తినాలో ఆమెకు తెలియలేదు.

అంతా వినేది. వింటుంటే వాళ్లు చల్లబడేవాళ్లు... ముసురు పట్టిన ఆకాశం కురిసి, కురిసి, తేటపడినట్టు. కురిసిన వానంతా ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు.

ఆమెలోకి పోయింది.

"శ్రీలత చెవిలో ఐస్ ఫ్యాక్టరీ ఉందిరా," అనేవాడు పక్క సీటు ఆకాష్. "మండిపోయేటోళ్లను అటు తోలుర్రి."

తోలేవాళ్లు.

సాయంత్రం కొండాపూర్ బస్తీలో ఇల్లు. పక్కింటి మిక్సీ. ఎదురింటి గొడవ. టీవీ వెలుతురు కూడా గుచ్చుకునేది. చున్నీ ముఖం మీద కప్పుకుని పడుకునేది — వానకు తడిసి గూట్లో ముడుచుకున్న పిట్టలా.

"గింత నాజూకైతె ఎట్ల బిడ్డా," అనేవాడు తండ్రి పెంటయ్య. ఓ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎండలో నిలబడి వచ్చిన మనిషి. "ఏసీల కూసొని ఫోన్ల మాట్లాడుడే గద."

కోపంతో అనలేదు. నిజంగానే అర్థం కాక అన్నాడు.

నిజమే కదా అనుకుంది ఆమె కూడా. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అలసిపోయే హక్కు తనకు లేదనుకుంది.

ఒక శుక్రవారం టీమ్ అంతటినీ నిలబెట్టి, టీమ్ లీడ్ అవినాష్ ఆమెకు బహుమతిగా కప్పు ఇచ్చాడు. మెరిసే కప్పు.

"ఈ సోమవారం నుంచి కోపం కాల్స్ అన్నీ శ్రీలత గారికేనండి. ఇక మనకు దిగుల్లేదు."

చప్పట్లు.

ఆమె కళ్లు నిండాయి. ఆనందం అనుకున్నారు. ఫోటో తీశారు.

"నా బిడ్డను నమ్మి అప్పజెప్పిండ్రు," అని పెంటయ్య బస్తీలో మిఠాయి పంచాడు. శ్రీలతకు ఒకటే వినబడుతోంది: అన్నీ... ఆ కాల్స్ అన్నీ తనకే. మానేయాలి, లేదా విరిగిపోవాలి. మూడో దారి ఆమెకు కనబడలేదు.

ఆఫీసు బాత్రూమ్ తలుపు వెనక ఒక కౌన్సెలింగ్ నంబరు అంటించి ఉంటుంది. రోజూ చూసేదే. ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది. మర్నాడు, మెడికల్ షాపు పైన చిన్న గదిలో, జయంతి అనే కౌన్సెలర్ ఆమె చెప్పిందంతా విన్నది. మధ్యలో ఒక్క మాటతోనూ అడ్డు రాలేదు.

చిన్నప్పుడు బడిలో పక్కపిల్లకు దెబ్బలు పడితే తను అన్నం తినలేకపోవడం. చుట్టాల్లో 'ఏడుపుగొట్టు' అన్న పేరు. మ్యూట్ నొక్కలేని వేలు.

"ఇది రోగం కాదండీ. స్వభావం," అంది జయంతి. "కొందరికి పుట్టుకతోనే లోకం కాస్త ఎక్కువగా లోపలికొస్తుంది. హై సెన్సిటివిటీ అంటాం. మీరు మొద్దుబారక్కర్లేదు. మీకు కావలసిన వెసులుబాటు నోరు తెరిచి అడగాలి, అంతే."

అడగడం... అదే ఆమెకు రానిది.

బరువు తగ్గలేదు. పట్టుకోవడానికి పిడి మాత్రం దొరికింది.

అదే గదిలో శనివారాలు ఇలాంటివాళ్లే కొందరు కూడతారు. ఆ రోజూ కూడారు. బాలు అని ఒక క్యాబ్ డ్రైవర్ ఉన్నాడు.

"హారన్ వింటె చెవులు మూస్కుంటనక్కా. నేను డ్రైవర్ ఎందుకైన్నో నాకే ఎర్కలే."

అందరూ నవ్వారు — ఎవరి చెవీ నొవ్వనంత మెల్లగా. శ్రీలత కూడా. అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

అన్ని కాల్స్ తన వల్ల కావని రేపు ఆఫీసులో అడుగుతానని ఆదివారం తండ్రికి చెప్పింది.

"అడిగితె పన్లకెళ్లి తీసేస్తరా?" అన్నాడు పెంటయ్య.

"ఏమో నాయినా."

పెంటయ్య లేచి టీవీ గొంతు తగ్గించాడు.

సోమవారం. షిఫ్ట్‌కు ముందు, ప్యాంట్రీలో. అవినాష్ రెండు కప్పుల టీ తెచ్చి ఒకటి ఆమె ముందు పెట్టాడు.

"రెడీయేనాండీ?"

"కోపం కాల్స్ నేను తీసుకుంటా సార్. అన్నీ తీసుకోలేను. ఒకటి అయ్యాక కాసేపు బయట కూర్చోవాలి. మిగతావి అందరం పంచుకోవాలి."

ముందున్న టీ ముట్టలేదు.

అవినాష్ నవ్వాడు. "అదేంటండీ, మీకది పుట్టుకతో వచ్చిన టాలెంట్ కదా."

"అవును సార్. నొప్పి కూడా దాంతోనే వచ్చింది."

నవ్వు ఆగింది.

అద్దం అవతల ఒక ఫోన్ మోగింది. ఇంకొకటి. అతను అటు చూశాడు. ఆమె వైపు చూశాడు. ఏదో అనబోయాడు — మాటకు ముందు వచ్చే ఊపిరి ఆమెకు వినబడింది, అయినా తన మాట వెనక్కి తీసుకోలేదు.

టీ మీద మీగడ కడుతోంది. సన్నగా... చప్పుడు లేకుండా.