తాబేలు తిన్న బొప్పాయి

చదివేది జీవశాస్త్రమే అయినా హాస్టల్లో ఆమెను అందరూ లాయరమ్మ అనేవారు. ఎవరేం చెప్పినా అడ్డుప్రశ్న వేయందే ఆమెకు ముద్ద దిగదు. అలాంటి మనిషి అడవి శిక్షణకు వచ్చి, చివరికి పాఠం చెప్పే మాస్టారినే అనుమానించింది.

శిక్షణ కేంద్రమంటే రేకుల షెడ్డు, ఎప్పటికీ ఆరని సాక్సులు వేలాడే తాడు, మైక్రోస్కోపు పెట్టిన పొడుగాటి బల్ల, వెనకాల వంటగది. పాఠాలు మాస్టారివి, వంట ఆయన అక్కది. ఆమె అందరికీ పెద్దక్కే. అన్నాదమ్ములూ అక్కాచెల్లెళ్లూ అంటూ వాళ్లకు ఇంకెవరూ లేరు.

మొదటి నడకలో మాస్టారు విద్యార్థులను వాగు దాటించి, పడిపోయిన మాను దగ్గర ఆపారు. "ఆకులు మెల్లగా తీసి చూడండి," అన్నారు. తీస్తే అడవి తాబేలు! అందరూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు. కింద అరచెయ్యి పెట్టి ఎలా ఎత్తాలో, చిప్ప పొడవు ఎలా కొలవాలో, కడుపు వైపు ఫొటో ఎలా తీయాలో మాస్టారు చూపించారు. లాయరమ్మ వంతు వచ్చేసరికి తాబేలు ఆమె చొక్కా చేతి మీద పని కానిచ్చేసింది. మిగతావాళ్లు పడీ పడీ నవ్వుతుంటే ఆమె ఆ పెంటను సీసాలోకి ఎత్తుకుంది. జంతువు విడిచినదేదీ పారేయకూడదని నేర్పింది మాస్టారే.

షెడ్డుకు వచ్చి, టీ వడకట్టే జల్లెడలో కడిగితే నల్లటి ముడతల గింజలు తేలాయి. బొప్పాయి. అడవంతా తిరిగినా వాళ్లకు బొప్పాయి చెట్టు కనపడలేదు. ఉన్న ఒక్కటీ వంటగది వెనకాలే ఉంది.

పక్క పరుపు స్నేహితురాలికి చూపించింది. నిద్ర తప్ప ఇంకో ధ్యాస లేని ఆ పిల్లని అందరూ నిద్రమొహం అంటారు.

"అదే నడుచుకుంటూ వచ్చి తినేసి పోయుంటుంది."

"వాగు దాటా? ఈ రకం ఈదలేదని మాస్టారే చెప్పారు కదే."

"అయితే కోతి అటువైపు పట్టుకెళ్లి పడేసుంటుంది."

"కోతి తాబేలుకి పండు కోసి పెట్టిందా?"

"అబ్బా, నన్ను పడుకోనివ్వవే తల్లీ!"

ఆ తర్వాత మాస్టారు ఏం చేసినా ఆమెకు తేడాగానే కనిపించింది. సరిగ్గా ఆ మాను దగ్గరే ఎందుకు ఆగారు? గోడకున్న పాత బ్యాచుల ఫొటోలన్నిట్లో తాబేలు చిప్పకి ఎడమ అంచు ఒకేచోట ఎందుకు విరిగి ఉంది? తాబేలు దొరకని అడవికి విద్యార్థులు రారని మాస్టారే పెంచి, తనే పెట్టి, అప్పుడే దొరికినట్టు నటిస్తున్నారు. ఇంతకన్నా ఇంకేముంటుంది?

మళ్లీ మాను దగ్గరికి వెళ్లే రోజు పొద్దున్న కడుపునొప్పని చెప్పి పాఠం ఎగ్గొట్టి, వాగు అవతల పొదల్లో కూర్చుంది. దోమలు పీక్కుతిన్నాయి. కాసేపటికి వాగు మీద అడ్డంగా వేసిన దుంగ మీద అడుగుల చప్పుడైంది. వచ్చింది మాస్టారు కాదు. తడి గోనె కప్పిన బకెట్టుతో పెద్దక్క!

ఆమె తాబేలును మాను పక్కన దించి, పైన ఆకులు సర్దింది. "బుద్ధిగా ఉండు, వచ్చేస్తున్నారు," అంది.

"ఏంటిది పెద్దక్కా?"

బకెట్టు ఆమె చేతిలోంచి జారింది. "కడుపునొప్పన్నావుగా!"

"మీరు కట్టెలకి వెళ్తున్నానన్నారుగా!"

పెద్దక్క మాను మీద కూలబడింది. "అడవికి నిప్పంటుకున్న ఏడాది ఒక్కటీ దొరకలేదమ్మాయ్. మా తమ్ముడు తిండి మానేశాడు. ఇది రోడ్డు పక్కన దెబ్బ తగిలి పడుంది. ఒక్కసారికి కదా అని ఇక్కడ పెట్టాను. దీన్ని చూసి ఎంత సంబరపడ్డాడనుకున్నావ్! ఆ తర్వాత ఎలా మానను?"

"మరి ఇక్కడ తాబేళ్లున్నాయని ఆయన నివేదికల్లో రాస్తున్నారు కదా? అది నమ్మేవాళ్ల మాటేంటి?"

"ఆ రాతలు నాకు తెలీవు. మా తమ్ముడి మొహం తెలుసు. చెప్పకమ్మా, నీకు దణ్ణం పెడతా."

ఈలోగా మాటలు వినిపించాయి. మాస్టారు ముందు, విద్యార్థులు వెనక. ఆయన బకెట్టు చూశారు, అక్కను చూశారు.

"మాస్టారూ, ఇది ఇక్కడిది కాదు. తెచ్చి పెట్టింది," అంది లాయరమ్మ.

మాస్టారు తాబేలును ఎత్తి బకెట్టులో పెట్టారు. "ఈ పూట తాబేలు కనపడలేదు. అలాగే రాసుకోండి," అని, అక్కకు చెయ్యి అందించారు. "లే అక్కా, చీమలున్నాయి."

మిగిలిన శిక్షణంతా వాగు నుంచి గుట్ట దాకా తాళ్లు కట్టి, గళ్లుగళ్లుగా వెతికారు. ఒక్క తాబేలూ దొరకలేదు. పెద్దక్క కొన్నాళ్లు లాయరమ్మ కంచంలో ముఖం తిప్పుకునే వడ్డించింది. నిద్రమొహమైతే "పాపం మాస్టారు, ఎంత దెబ్బ తిన్నారో," అని ఒకటే బాధపడింది.

లాయరమ్మకు మాత్రం ఇంకోటి గుచ్చుకుంటూనే ఉంది. అంత పెద్ద మోసం బయటపడితే ఆయన ఒక్క ప్రశ్నయినా అడగలేదు. ఎప్పటినుంచి అని గానీ, ఎక్కడిది అని గానీ.

బయలుదేరే రోజు మాస్టారు తాబేలుకి వంటగది పక్కన దడి కడుతున్నారు. ఆమె దగ్గరికి వెళ్లి అడిగేసింది.

"మాస్టారూ, మీకు ముందే తెలుసు కదా?"

సుత్తి ఆగింది. "మెల్లగా. అక్క లోపలే ఉంది." గొంతు తగ్గించారు. "మొదటి ఏడాది నిజంగానే నమ్మాను. రెండో ఏడాది ఆ విరిగిన అంచు చూసి గుర్తుపట్టాను. నాకోసం తను అంత కష్టపడుతుంటే ఏమని చెప్పను?"

"మరి మీరు రాసినవి?"

"అది నా తప్పే. అక్క మీదికి నెట్టను. అన్నీ తప్పని రాసి పంపించాను."

"నిజంగా పంపించారా?"

ఆయన జవాబిచ్చేలోపే వంటగదిలోంచి పెద్దక్క కేకేసింది. "ఏంట్రా అక్కడ గుసగుసలు?"

"ఏం లేదక్కా, మేకులు చాల్లేదు!"

ఆయన కాళ్ల దగ్గర డబ్బా నిండా మేకులున్నాయి. లాయరమ్మ ఆ డబ్బా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఈసారి అడ్డుప్రశ్న వేయకుండా వంగి, దడి చెక్క రెండో కొస పట్టుకుంది.