సగం వాడి దాచిన వాపు మందు

చైనాలో హునాన్ రాష్ట్రంలోని మా ఊరి బజారులో ముప్పై ఏళ్లుగా ఎండు పుట్టగొడుగులు అమ్ముతున్నాను. సంచి అడుగున తేమ సరుకు ఉంటే, కొనేవాడు అడిగేదాకా నోరు విప్పను. వ్యాపారంలో దీనివల్ల నేనెప్పుడూ నష్టపోలేదు.

ఆసుపత్రిలో మాత్రం లెక్క తిరగబడింది. నా మనవరాలు షావోరూకి నాలుగేళ్లు. తల్లిదండ్రులు గ్వాంగ్‌డాంగ్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్లారు కనుక మా దగ్గరే పెరుగుతోంది. పాప రక్తంలో క్రిములు చేరాయని, రెండు రోజులుగా ఇస్తున్న మందు పనిచేయడం లేదని డాక్టరమ్మ క్వాంగ్ చెప్పింది. పాప కళ్లు తెరవడం లేదు.

"ఈ ఏడాదిలో పాపకి ఏమేం మందులు వాడారమ్మా?"

"ఏమీ లేదు డాక్టరమ్మా. అల్లం నీళ్లు, అంతే" అంది నా భార్య హ్వీజెన్.

అది అబద్ధమని నాకు తెలుసు. జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా మా వీధిలో అందరూ మింగేది 'వాపు మందు', అంటే యాంటీబయాటిక్ మాత్రలు. ఒళ్లు చల్లబడగానే ఆపేసి, మిగిలిన మాత్రలు మళ్లీ వచ్చే జ్వరానికి దాస్తాం. పారేయడానికి మనసొప్పదు. మా ఇంట్లో వాటికో ఖాళీ మూన్‌కేకు మిఠాయి డబ్బా ఉంది.

వరండాలోకి రాగానే అడిగాను. "ఏమే, డబ్బా సంగతి దాచావేం?"

"కోడలికి తెలిస్తే నన్ను బతకనిస్తుందా? అయినా నువ్వు తేమ సరుకు గురించి ఎవరికి చెప్పావు? పెద్ద నిజాయితీపరుడు బయలుదేరాడు!"

మాట సూటిగా తగిలింది. కానీ తూచి చూస్తే, ఒకవైపు కోడలి తిట్లు, ఇంకోవైపు పాప ప్రాణం. ఆటో ఎక్కి డబ్బా తెచ్చాను.

డాక్టరమ్మ అట్టలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చదివింది. మూడు రకాలు. ఒక్కటీ పూర్తి కాలేదు.

"జ్వరం తగ్గగానే ఆపేసేవారా?"

"తగ్గాక ఇంకెందుకు డాక్టరమ్మా?" అంది హ్వీజెన్ తల దించుకుని.

"చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకు రాటుదేలతాయమ్మా. మేమిప్పుడు ఎక్కిస్తున్నదీ ఆ జాతి మందే."

రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆ మధ్యాహ్నమే మందు మార్చింది. మర్నాడు వచ్చిన కాగితం కూడా పాత మందు పనిచేయదనే చెప్పింది.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున షావోరూ కళ్లు తెరిచింది.

"తాతా, నూడుల్స్ కావాలి. కారం వద్దు."

"హునాన్ పిల్ల కారం వద్దంటోందా! అయితే ఇంకా తగ్గలేదన్నమాట" అని హ్వీజెన్ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పాప నుదురు తాకి చూసి, బట్టలు సంచిలో సర్దబోయింది.

"ఇంకా పది రోజులు మందు ఎక్కించాలన్నారు" అన్నాను.

"ఒళ్లు చల్లగా ఉందిగా. దుకాణం సంగతేంటి?"

"మూసే ఉంటుంది."

ఆమె సంచి కింద పెట్టి పాప మంచం మీద కూర్చుంది. తర్వాత తనే కోడలికి ఫోన్ చేసింది. "పిల్ల కోలుకుంటోంది. నేను నీకో మాట చెప్పాలి, విని తిట్టు" అని మాత్రల సంగతంతా చెప్పింది. అవతల గొంతు చాలాసేపు పెద్దగా వినబడింది. హ్వీజెన్ ఫోన్ పెట్టేయలేదు. "ఊఁ, నిజమే, ఊఁ" అంటూ, రెండో చేత్తో పాప నోటికి నేను తెచ్చిన నూడుల్స్ అందిస్తూ కూర్చుంది.