కాలేబు డైపర్ విడిచిన విధం

ఆషర్ ఒక పెద్ద కంపెనీలో ట్రైనింగ్ మేనేజరు. కొత్తగా చేరినవాళ్లకు ఎలా మాట్లాడాలో, ఎలా కూర్చోవాలో నేర్పుతాడు. అందుకని, రెండున్నరేళ్ల కాలేబుకు డైపర్ మాన్పిస్తేనే సీటిస్తామని ప్లేస్కూలు వాళ్లు తేల్చి చెప్పినప్పుడు, ఆ బాధ్యత ఎవరిదన్న ప్రశ్నే రాలేదు.

"పరేషాన్ గాకు బ్యూలా. గంత పెద్ద పెద్దోళ్లకు నేర్పుతున్న, నా కొడుక్కు నేర్పలేనా?" అన్నాడు భార్యతో.

బ్యూలా ఒకటో తరగతి టీచరు. చిన్నపిల్లల సంగతి ఆమెకు బాగా తెలుసు కాబట్టి ఆమెను ఎవరూ సలహా అడగలేదు. ఆషర్ తల్లి రోసమ్మ మాత్రం అడక్కుండానే చెప్పింది.

"గిదేం పెద్ద చదువురా? మిమ్ముల కాళ్ల మీద కూసోబెట్టుకొని 'శ్శ్' అంటే పోసేటోళ్లు."

"అది పాత పద్ధతమ్మా. పిల్లలకు మోటివేషన్ ఉండాలె."

ఆ శనివారమే మోండా మార్కెట్‌కు వెళ్లి మోటివేషన్ కొనుక్కొచ్చాడు. అది పసిపిల్లల్ని ఒంటికి కూర్చోబెట్టే ప్లాస్టిక్ పాటీ, బాతు ఆకారంలో ఉంది. లోపల తడి తగిలితే పాట పాడుతుంది. సీతాఫల్‌మండిలోని ఆ ఇంటి బాత్రూం ఇరుకు కాబట్టి, బాతును హాల్లో టీవీ ముందు ప్రతిష్ఠించాడు. కాలేబును దాని మీద కూర్చోబెట్టి, తల్లినీ భార్యనీ సోఫాలో కూర్చోబెట్టి, తాను ఫోన్ కెమెరా పట్టుకుని నిలబడ్డాడు.

కాలేబు ముగ్గురినీ చూశాడు. కెమెరాను చూశాడు. కాసేపు ఓపిగ్గా కూర్చుని, లేచి, కిటికీ కర్టెన్ వెనక్కి వెళ్లి అక్కడ పని కానిచ్చాడు.

పాట వింటే ఉత్సాహం వస్తుందని ఆషర్ బాతులో మగ్గుతో నీళ్లు పోశాడు. అది ఎత్తుకున్న గొంతుకు పిల్లవాడు కేకపెట్టి నానమ్మ భుజం మీదికి ఎక్కేశాడు. బ్యాటరీలు తీసేయాల్సి వచ్చింది.

తర్వాత చాక్లెట్లు షురూ అయ్యాయి. కూర్చుంటే ఒకటి. కాలేబు కూర్చున్నాడు, తీసుకున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. నేర్చుకునే శక్తికి లోటేమీ లేదని ఆషర్ మురిసిపోయాడు. కర్టెన్లు ఉతికే బ్యూలా ఆ మురిపెంలో పాలుపంచుకోలేకపోయింది.

చివరికి ఆషర్ గొప్ప ఆలోచన చేశాడు. పిల్లలు పెద్దలను చూసి నేర్చుకుంటారు. కాబట్టి ఇంట్లో ఎవరు బాత్రూంకు వెళ్లొచ్చినా మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి.

"నా ఇజ్జత్ తీస్తున్నవ్ గదరా!" అని రోసమ్మ మొత్తుకుంది. అయినా కొడుకు చప్పట్లు కొట్టాడు, మనవడు ఇంకా గట్టిగా కొట్టాడు.

గురువారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక. ఇరుగుపొరుగు వాళ్లతో హాలు నిండింది. ప్రార్థన ముగిసి టీలు తాగుతుండగా పాస్టర్ జకర్యా గారు బాత్రూంకు వెళ్లారు. తెల్ల జుబ్బా సర్దుకుంటూ బయటికి వచ్చేసరికి ఎదురుగా కాలేబు.

"పాస్టర్ తాత సుసు పోసిండు! శభాష్!"

వాడి చప్పట్లు హాలంతా మోగాయి. ఆపైన కరిగిన చాక్లెట్ ఒకటి పెద్దాయన చేతిలో పెట్టాడు. రోసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆషర్ ఫ్యాన్ ఎలా తిరుగుతోందో శ్రద్ధగా పరిశీలించాడు.

జకర్యా గారు మోకాళ్లు పట్టుకుని మెల్లగా కిందికి వంగారు. "థాంక్స్ బేటా. మరి నువ్వు పోసినవా?"

కాలేబు తల అడ్డంగా ఊపాడు.

"ఎందుకు?"

"అందరు చూస్తరు."

ఇన్నాళ్ల ట్రైనింగులో ఆ ఒక్క ప్రశ్న ఎవరూ వాణ్ని అడగలేదు.

"నిజమే. అందరు చూస్తుంటే నాకు సుత రాదు. అందుకే తలుపు పెట్టుకున్న" అన్నారు జకర్యా గారు.

బ్యూలా బాతును తీసుకెళ్లి బాత్రూంలో పెట్టింది. కాలేబు వెనకే వెళ్లాడు. వాడికి గడియ అందదు కాబట్టి ఆమె తలుపు దగ్గరికి వేసి బయట నిలబడింది. ఫోన్ పట్టుకుని వచ్చిన ఆషర్‌ను భుజం పట్టి వెనక్కి తిప్పింది.

"జెర వానిని ఇడిచిపెట్టు."

లోపల కొద్దిసేపు చప్పుడు లేదు. తర్వాత సన్నగా ధార ప్లాస్టిక్ మీద పడుతున్న చప్పుడు వినిపించింది. అన్ని రోజుల విసుగూ ఒక్కసారిగా దిగిపోయి బ్యూలాకు కళ్లు చెమర్చాయి. ఆషర్ చేతులు తమంతట తామే చప్పట్లకు లేచాయి. భార్య చూపు చూసి జేబుల్లోకి వెళ్లిపోయాయి.

"అమ్మా, అయింది!"

రాత్రి డైపర్ మానడానికి ఇంకా చాలాకాలం పట్టింది గానీ, పగటి గొడవ మాత్రం తీరిపోయింది. ప్లేస్కూల్లో చేర్పించిన రోజు అక్కడి టీచరు మర్యాదకు అడిగింది: "ఎట్ల నేర్పించిండ్రు సార్?"

ఆషర్ గొంతు సవరించుకున్నాడు. పిల్లల మనస్తత్వం గురించి, వాళ్లకు ఇవ్వాల్సిన ఏకాంతం గురించి, తాను మొదటినుంచీ దానికెంత విలువ ఇచ్చాడో వివరించాడు. బ్యూలా అడ్డు చెప్పలేదు, ఆమెకు తన బడికి టైమవుతోంది. కాలేబు అప్పటికే చెప్పులు విప్పేసి లోపలికి వెళ్లిపోయాడు.