గాజుపలక మీద ముగ్గురు

అందరి బట్టలూ ఇస్త్రీ అయ్యాక, చివర్లో తన మామిడిపండు రంగు పట్టుచీర పరిచింది అరుంధతి. ఇంట్లో ఏ ఫోటో చూసినా అందులో ఆమె ఉండదు. ఫోన్ పట్టుకునేది తనే కదా మరి. ఇవాళ తీసేది వేరే మనిషి. అత్తగారు చాముండేశ్వరికి వణుకుడు జబ్బు ముదరకముందే గోడకి తగిలించే ఫోటో ఒకటి కావాలన్నాడు భర్త చక్రధర్. అందులో తనూ పడాలని అరుంధతి ఆశ.

సింగపూర్‌లో పాయా లేబర్ దగ్గరున్న ఆ స్టూడియో పందొమ్మిదో శతాబ్దపు పద్ధతిలో, గాజుపలక మీద తీస్తుంది. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఎవరూ కదలకూడదు.

"ఆ రోజుల్లో ఫోటో అంటే పరువు. కోటు అద్దెకి తెచ్చుకుని మరీ కూర్చునేవాళ్ళు," అంది స్టూడియో నడిపే చైనీస్ ఆవిడ ఇంగ్లీషులో.

అత్తగారి తలా చేతులూ ఆగడం లేదు. అది చూసి స్టూడియో ఆవిడ గోడ మీది పాత ఫోటో చూపించింది. నల్లగుడ్డ కప్పిన కుర్చీలో ఓ పసిబిడ్డ.

"అది కుర్చీ కాదు, వాళ్ళమ్మ. బిడ్డ కదలకుండా పట్టుకుంది."

"బట్ వై హైడ్ ద మదర్?" అంది కూతురు అనన్య.

"ఇదేదో బావుంది," అన్నాడు చక్రధర్. "అరుంధతీ, నువ్వూ అలా అమ్మ వెనక కూర్చో."

"నేనూ పడదామనుకున్నానండీ."

"అమ్మ కోసమే కదా వచ్చాం. నీ చెయ్యి తగిలితేనే అమ్మ కుదురుగా ఉంటుంది. నీకేం, ఇంకోసారి తీయిద్దాంలే."

తన చెయ్యి గురించి అన్న మాట అబద్ధం కాదు. అదే చిక్కు. తను కాదంటే ఆ ముసలావిడ అందరి ముందూ వణుకుతూ మిగిలిపోతుంది.

చక్రధర్, అనన్య అత్తగారికి చెరోపక్కా నిలబడ్డారు. అరుంధతి మీద నల్లగుడ్డ కప్పారు. లోపల చీకటి, ఏవో మందుల ఘాటు. ఒక చెయ్యి అత్తగారి మెడ వెనక, ఒకటి మోచేతి కింద. పట్టుచీర నలిగిపోతోంది. అయినా కాసేపు కాఫీ అనీ ఛార్జర్ అనీ ఎవరూ పిలవలేదు. లెక్క మొదలయ్యేలోపు అత్తగారి వేళ్ళు గుడ్డలోకి దూరి, తడుముకుని, ఆమె మణికట్టు పట్టుకున్నాయి.

ముగ్గురూ చక్కగా పడ్డారు. ఆంగ్ మో కియోలో ఇంటికి వెళ్ళే టాక్సీలో ముందు సీట్లో కూర్చుని, ఆ ఫోటోని సెల్‌లో తీసి ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టాడు చక్రధర్.

"అరుంధతి ఏదిరా?" అని వాళ్ళక్క వసుంధర అడిగింది.

"ఫోటో తనే తీసింది," అని రాశాడు.

వెనక సీట్లో అరుంధతి తన ఫోన్‌లో అది రెండుసార్లు చదివింది.

"ఏమంటున్నారే?" అంది అత్తగారు.

"మీ చెయ్యి అసలు వణకలేదంటున్నారు, అత్తయ్యా."

"వాళ్ళకేం తెలుసే," అంది ఆవిడ, కొడుక్కి వినపడకుండా.