మీనాక్షి ఇంట్లో లేదు

మా అమ్మాయి విద్య ఒంటరిగా ఇటలీ వెళతానన్నప్పుడు నేను వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు. టికెట్ ఎక్కడ కొన్నావని అడిగాను. అంతే.

అది ఎనభై అయిదు వేసవి. విద్యకి ఇరవై రెండేళ్ళు. ఆర్కిటెక్చర్ చదువుతోంది. పాత కట్టడాల ముందు కూర్చుని బొమ్మలు గీసుకోవాలని కోరిక. లైబ్రరీలో పనిచేసి తన ఖర్చు తనే సంపాదించుకుంది. వాళ్ళమ్మ మీనాక్షి పోయి అప్పటికి మూడేళ్ళు. ఉంటే ఏమనేదో నాకు తెలియదు. పోయినవాళ్ళ తరఫున మాట్లాడడం నాకు అసహ్యం. మాట్లాడేవాళ్ళు మాత్రం ఉన్నారు.

మేముండే చాండ్లర్‌లో అప్పటికి తెలుగు ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో పెద్దరికం భాస్కర్, పద్మినిలది. భాస్కర్ నేను పనిచేసే కంప్యూటర్ చిప్స్ ఫ్యాక్టరీలోనే ఇంజనీరు. మీనాక్షి కర్మలు కాగానే పద్మిని వచ్చి మా వంటింట్లో డబ్బాలన్నీ సర్దిపెట్టింది. అప్పటినుంచి పసుపు కావాలంటే నాలుగు డబ్బాలు తెరవాల్సి వచ్చేది. ఆవిడ చేసే మేలు అలా ఉంటుంది.

ప్రయాణం దగ్గర పడ్డాక ఇద్దరూ వచ్చారు. పద్మిని చేతిలో గుడ్డ చుట్టిన ఆవకాయ సీసా ఉంది.

“రోమ్‌లో మా పెదనాన్నగారబ్బాయి జగదీష్ ఉన్నాడు. ఈ సీసా వాడికిచ్చి, అక్కడే ఉండు,” అంది విద్యతో.

“నాకు రూమ్ ఉంది ఆంటీ. కాన్వెంట్‌లో బుక్ చేశా. ఓన్లీ విమెన్. నైట్ టెన్‌కి గేట్ లాక్ చేస్తారు.”

“కిరస్తానీ సన్యాసినుల దగ్గరా?”

“వాళ్ళకి మతం మార్చే టైమ్ లేదు ఆంటీ. బ్రేక్‌ఫాస్ట్ చెయ్యాలి కదా.”

భాస్కర్ నవ్వబోయి భార్య మొహం చూసి మానుకున్నాడు. పద్మిని నా వైపు తిరిగింది.

“పోనీ ఒక పని చెయ్యండి అన్నయ్యగారూ. మీనాక్షి నల్లపూసలు ఉన్నాయిగా? దీని మెడలో వెయ్యండి. పెళ్ళయిందనుకుని ఎవడూ జోలికి రాడు.”

విద్యకి నిజంగానే అర్థం కాలేదు. “అది వెడ్డింగ్ థింగ్ అని ఇటలీలో ఎవరికి తెలుస్తుంది ఆంటీ?”

నల్లపూసలు నేను బయటికి తియ్యలేదు. సీసా మాత్రం విద్య పెట్టెలో పెట్టుకుంది. పెద్దవాళ్ళు ఇచ్చింది వద్దనకూడదని వాళ్ళమ్మ నేర్పింది. విమానం ఏ రోజు, ఎన్నింటికి దిగుతుందని పద్మిని అడిగితే అదీ చెప్పింది. దేవుడికి దండం పెట్టుకోవడానికి కాబోలు అనుకుంది.

వాళ్ళు వెళ్ళాక నేను ఫోన్ సంగతి ఎత్తాను. ఆ రోజుల్లో దూరప్రయాణం చేసే మా అందరిదీ ఒకటే పద్ధతి. ఆపరేటర్‌కి ఒక పేరు చెప్పి, ఆ మనిషితోనే మాట్లాడాలనాలి. ఆ మనిషి లేదని ఇంట్లోవాళ్ళు అంటే చార్జీ పడదు. క్షేమంగా చేరామన్న కబురు మాత్రం చేరుతుంది. లాస్ ఏంజెలెస్ వెళ్ళినా అంతే, డెన్వర్ వెళ్ళినా అంతే. ఇంట్లో లేని మనిషి పేరొకటి ముందే అనుకుంటే చాలు.

“ఎవరి పేరు చెబుతావు?” అన్నాను.

“అమ్మ పేరు.”

ఫోన్ పక్కనున్న కాగితం మీద ఆ పేరు రాశాను.

“నీ పేరు అడిగానంటే తీసుకో నాన్నా. చార్జీ మనదే. మాట్లాడాలని అర్థం.”

“సరే,” అన్నాను.

అది రోమ్ చేరాల్సిన రోజు పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. నరసింహ ఉన్నాడా అంది ఆపరేటర్. నా పేరే. ఉన్నానన్నాను.

“నాన్నా, నేను సేఫ్. ముందు అది విను,” అంది విద్య. ఒక్కో మాటా నొక్కి చెప్పింది.

ఎయిర్‌పోర్ట్‌లో జగదీష్ దాని పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడట. పద్మిని ఆంటీ పంపిందన్నాడట. కాఫీ తాగి, సీసా ఇచ్చి వెళ్ళిపోదామని ఇది అతనింటికి వెళ్ళింది. భార్య ఇండియాలో ఉందని తలుపు వేశాక చెప్పాడు. ఇక్కడ దొంగలెక్కువ, నా దగ్గరుంటే భద్రం అని పాస్‌పోర్ట్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నడుం మీద చెయ్యి వేశాడు. ఇది చెయ్యి తోసేసింది. ఆడపిల్లవి, నువ్వు నా బాధ్యత అని నవ్వాడు.

“నేను తలుపు తీసి మెట్ల మీదికెళ్ళి అరిచా నాన్నా. ‘గివ్ మి మై పాస్‌పోర్ట్’ అని. అన్ని డోర్లూ ఓపెన్ అయ్యాయి. ఎదురింటి ముసలావిడ చేతిలో గరిటెతో వచ్చింది. అప్పుడిచ్చాడు.”

“ఇప్పుడెక్కడున్నావు?”

“కాన్వెంట్‌లో. ఆవకాయ నన్స్‌కిచ్చేశా.” ఆగింది. “నేను వెనక్కి రాను. వాళ్ళు నీకు వేరేలా చెబుతారు. అందుకే ముందు నేనే చెప్తున్నా. రమ్మనాలనుకుంటే ఇప్పుడే అను.”

దాని ప్రయాణమంతా నా ఒక్క మాట మీద ఉంది. నాకు భయం వేసింది. భయం నాది. దాని కాళ్ళకి ఆ భయాన్ని చుట్టడం ఎందుకు?

“నేను రమ్మన్నానా?” అన్నాను.

“లేదు.”

“తరవాత ఏ ఊరు?”

“ఫ్లోరెన్స్. ఆదివారం ట్రైన్. పగటి ట్రైన్.”

“చేరాక ఫోన్ చెయ్యి,” అని పెట్టేశాను.

ఆదివారం పొద్దున భాస్కర్, పద్మిని వచ్చారు. కాఫీ ఇవ్వలేదు.

“జగదీష్ ఫోన్ చేశాడు అన్నయ్యగారూ. పాపం చాలా బాధపడ్డాడు. మర్యాదగా తీసుకెళితే పదిమందిలో అరిచి అల్లరి చేసిందట. ఎవరి దగ్గర ఉంటోందో ఏమో. వెంటనే వెనక్కి పిలిపించండి. నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలెలా వస్తాయి?”

“పాస్‌పోర్ట్ సంగతి చెప్పాడా?”

“భద్రంగా దాచిపెడదామనే కదా?”

“నడుం మీద చెయ్యి కూడా భద్రానికేనా?”

భాస్కర్ నేల చూపులు చూశాడు. “పిల్ల ఏదో పొరపాటు పడి ఉంటుంది నరసింహగారూ. మనవాడు. తెలిసినవాడు. అందుకే కదా మా ఆవిడ ఎయిర్‌పోర్ట్‌కి వాణ్ణి పంపింది.”

“అమ్మా పద్మినీ,” అన్నాను. “నల్లపూసలు వెయ్యమన్నావు. ఎందుకో నాకిప్పుడు తెలిసింది. ఇటలీవాళ్ళకి వాటి అర్థం తెలియదు. వాటిని చూసి ఆగవలసినవాడు ఆ ఊళ్ళో ఒక్కడే. వాడి అడ్రసు నువ్వే ఇచ్చావు.”

పద్మిని మొహం ఎర్రబడింది. “ఆడదిక్కు లేని ఇల్లని ఇంతకాలం చూసుకున్నాను. మీనాక్షి ఉంటే ఇంత మాట పడనిచ్చేది కాదు. కూతుర్ని ఈ క్షణం వెనక్కి రప్పించేది.”

ఫోన్ మోగింది. వాళ్ళ ముందే తీశాను. సముద్రం అవతలి నుంచి ఆపరేటర్ గొంతు. మిసెస్ మీనాక్షితో మాట్లాడాలంటున్నారు, ఉన్నారా అని అడిగింది. వెనకాల రైల్వే స్టేషన్ రొద వినిపించింది.

ఆ మాట ఎన్నడూ నా నోటితో అనలేదు. కర్మలప్పుడూ అనలేదు. పద్మిని కళ్ళలోకి చూస్తూ అన్నాను.

“మీనాక్షి ఇంట్లో లేదు.”

ఫోన్ పెట్టేశాను.

పద్మిని చెంగు పట్టుకుని నిలబడిపోయింది. “మీనాక్షిని అడిగేదెవరు?”

“విద్య. ఫ్లోరెన్స్ చేరింది. క్షేమం.”

వీధితలుపు తీసి పట్టుకున్నాను. ముందు భాస్కర్ కదిలాడు. గడప దాటాక పద్మిని ఏదో అనబోయింది. వినదలచుకోలేదు. తలుపు వేశాను. ఆ తరవాత వాళ్ళ కోసం తీయలేదు.

వంటింట్లోకి వెళ్ళి అలమారలో డబ్బాలన్నీ కిందికి దించాను. పసుపు పొయ్యి పక్కన పెట్టాను. మీనాక్షి అక్కడే పెట్టేది.