తరుగు తీసిన కసరత్తు

ఫిజియో వినీత గది బయట బెంచీ మీద కూర్చున్న ఎర్రన్నకు తలుపు సందులోంచి ఒక్కటే మాట వినబడింది, అదీ సగమే. లోపల ఆమె బాపురావు మోకాలు చూసి "రోజూ రెండు పూటలా స్ట్రెచింగ్" అంటే, ఎర్రన్న చెవిలో "స్ట్రెచర్" అని పడింది. అతను మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లుగా బస్తాలు మోస్తున్న హమాలీ. మోసేది చేతికి దొరికితే మధ్యలో దించడు, మాటైనా అంతే. బాపురావును బండి మీద ఇంటి దగ్గర దింపి, ఆ మాటను నేరుగా యార్డులో దించాడు.

బాపురావు చాయ్ కప్పు కింద పెట్టేలోపు యార్డు వాళ్లు ఆరుగురు దిగారు, ఆరు బ్రెడ్డు ప్యాకెట్లతో. ఒకడు కాళ్ల వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. వెంటనే ఆత్మారాం సేఠ్ ఫోను.

"బాపురావ్, ఫికర్ చెయ్యకు. నీ సంగతి తెల్సింది. ఈ సీజన్ కుప్పల కాడికి మా దేవిదాస్ పోతడు. నీకు బాగైతే దుకాణంల కూసొని చిట్టీలు రాద్దువు."

ఒక మోకాలి నొప్పికి ఇంత పరామర్శా! బాపురావుకు మనుషుల మీద ఉన్న అసహ్యం ఆ సాయంత్రం రెండింతలైంది. అంతకన్నా ఆ ఫోను గుండెలో ముల్లై దిగింది.

ఎందుకంటే రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఆత్మారాం సేఠ్ అడ్తి దుకాణానికి పసుపు చూసే కన్ను బాపురావే. రైతు పోసిన కుప్ప ముందు గొంతుక్కూర్చుని, అడుగు దాకా చెయ్యి దూర్చి, ఒక కొమ్ము తీసి విరుస్తాడు. ఆ చప్పుడును బట్టి సరుకెట్లా ఉడికిందో, ఎంత ఎండిందో, తడికీ మట్టికీ తూకంలో ఎంత తరుగు తియ్యాలో చెప్తాడు. ఇప్పుడు కూర్చుంటే లేవలేడు. దేవిదాసేమో సేఠ్ బామ్మర్ది. వాడి ప్యాంటు మడత నలగకూడదు కాబట్టి కుప్పను నిలబడే చూస్తాడు. అలాంటి వాడికి కొమ్ములు అప్పజెబితే తలకు కొమ్ములు మొలవవూ!

"సీజన్‌కు రెండు నెలలున్నది. అప్పటిదాక కసరత్తు చెయ్యరాదు?" అంది భార్య సాయవ్వ.

బాపురావుకు కసరడం వచ్చుగానీ కసరత్తు రాదు. అదంటేనే ఏవగింపు. పొద్దున్నే గ్రౌండుకు పోయేవాళ్లది వాకింగ్ కాదు, వాగింగ్ అంటాడు. ఒక చుట్టు కాళ్లు తిరుగుతాయి, పది చుట్లు నోళ్లు తిరుగుతాయి, చివరికి అందరూ సమోసాల దగ్గర ఆగుతారు. ఫోన్లో వచ్చే నూనెలూ ఆకులూ వైద్యం కాదు, వేపుడు సామాను. ఇక గోడకు వీపు ఆనించి కిందికి జారమన్న ఆ వినీత? ఆ పిల్ల పుట్టకముందు నుంచీ తను కుప్పల ముందు కూర్చుంటున్నాడు. తనకు కూర్చోవడం నేర్పుతుందా!

ఆ రోజు ఆమె మాత్రం ఓపికగానే చెప్పింది. "నొప్పున్నదని కదలకుంటే తొడ కండ బలం తప్పుతది బాపూ. అప్పుడు బరువంత మోకాలే మొయ్యాలె. కుర్చీల కూసొని కాలు చాపి ఎత్తిపట్టు, పది సార్లు. గోడకు జారుడు పది సార్లు, సగం దాకనే. పొట్ట జర తగ్గాలె. వాపొస్తే ఆపి నా దగ్గరికి రా."

దేవిదాస్ మొహం తలచుకుని బాపురావు మొదలుపెట్టాడు. బోధన్ పక్క చెరకు పల్లె నుంచి అత్తగారు పంపే బెల్లపు ముద్దను సాయవ్వ చేత అటక ఎక్కించాడు. అటక ఎక్కలేడు కాబట్టి అది అక్కడ భద్రంగా ఉంది. రోజూ చీకటితోనే, ఎవరి మొహమూ చూడకుండా నడిచాడు. కానీ మూడు వారాలైనా మోకాలు మొరాయిస్తూనే ఉంది.

"సూసినవా! ఈ కసరత్తే కల్తీ సరుకు" అన్నాడు పళ్లు కొరుకుతూ.

సాయవ్వ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. మరునాడు ఆమె ఒక్కతే ఎటో పోయి వచ్చింది. రెండ్రోజులకు వినీత ఫోన్ చేసి, "బాపూ, పది చాలయి. ఇగ పద్నాలుగు చెయ్" అంది.

"ఈ పిల్ల దగ్గర కూడా రేటు పెరుగుడే గని తగ్గుడు లేదు!" అని ఈసడించుకుంటూనే చేశాడు.

సీజన్ తొలి రోజు. యార్డంతా పసుపు దుమ్ము. మెండోర నుంచి వచ్చిన గంగవ్వ కుప్ప ముందు దేవిదాస్ నిలబడ్డాడు. పై కొమ్ములకు మట్టి అంటి ఉంది. బూటు కొనతో ఒకటి దొర్లించి, "రెండో రకం" అన్నాడు.

"జర వంగి సూడు బిడ్డా! మీదిమీద సూస్తె ఎట్ల?"

"నాకు కనబడ్తలేదా అవ్వా?"

"నీకు కనబడేది నీ బూటే!" అంటూ వెనక నుంచి బాపురావు వచ్చాడు. జనం దెయ్యాన్ని చూసినట్లు తప్పుకున్నారు. ఆయన బస్తా మీద చెయ్యేసి మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. మోకాలు కలుక్కుమంది కానీ బరువు ఆపింది. చెయ్యి అడుగుదాకా పోయింది. ఒక కొమ్ము తీసి విరిచాడు. టక్! గాజు పగిలినట్టు. లోపల మంచి నారింజ రంగు.

"మొదటి రకం. ఈ చప్పుడు ఇనాలంటే కిందికి రావాలె దేవిదాస్. ప్యాంటుకు చెవులుండయి."

ఇక లేవాలి. సేఠ్ చూస్తున్నాడు, దేవిదాస్ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. బాపురావు బస్తా మీది చెయ్యి తీసేసి, గోడను మనసులో ఆనుకుని, తొడల బలంతో లేచాడు. సేఠ్ దేవిదాస్ చేతిలోని, కుప్పల రకం రాసే పుస్తకం తీసి బాపురావుకు ఇచ్చాడు.

"అరే, నువ్వు స్ట్రెచర్ మీదున్నవంటిరి గదా!" అన్నాడు.

"స్ట్రెచరా? ఎవడన్నడు?"

అందరి తలలూ ఎర్రన్న వైపు తిరిగాయి. "నేను సొంత చెవులతో ఇన్న అన్నా. డాక్టరమ్మనే రెండు పూటలా స్ట్రెచర్ అన్నది."

"రెండు పూటలా స్ట్రెచరెక్కుతార్రా ఎవరన్న! స్ట్రెచింగ్! సాగదీసుడు!" బాపురావు అక్కడే కాలు బస్తా మీద పెట్టి చాపి చూపించాడు. "గా ఒక్క మాటకు నా ఇంటికి ఆరు బ్రెడ్లు, నా కుప్పకు దేవిదాస్! పూటకు పద్నాలుగు సార్లు చేసిన, తెల్సా?"

"పదే చేసినవ్" అంది సద్ది గిన్నె తెచ్చిన సాయవ్వ, నలుగురికీ వినబడేట్టు. "ఈయన ముప్పై ఏండ్లు తడికి, మట్టికి తరుగు తీసీ తీసీ ఏది చెప్పినా పదికి మూడు తీసేస్తడు. పది సార్లంటే ఏడే చేసేటోడు. నేను డాక్టరమ్మకు చెప్పిన, తరుగు కలిపి చెప్పమని."

యార్డంతా పగలబడి నవ్వింది. గంగవ్వయితే కుప్ప మీదే కూలబడింది.

బాపురావు వాళ్లందరినీ పురుగుల్ని చూసినట్టు చూసి, పక్క కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు.